భ్రూణహత్యా నిరసనలో మతేతర వాదాలు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
గర్భస్రావాన్ని నిరసించే వాదాలన్నీ మతం నుంచే పుట్టలేదు. తెలుగు సమాజంలో సంస్కరణోద్యమం, స్త్రీవాదం, చట్టం తమవైన లౌకిక కారణాలతో ఈ అంశాన్ని చర్చించాయి. ఆ వాదాల బలాబలాలనూ, అవి వాడిన పరిభాషనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భ్రూణహత్య, గర్భస్రావం, లింగనిర్ధారణ, సంస్కరణోద్యమం, స్త్రీవాదం, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. జాతీయ రహదారి, రైలుమార్గం ఉన్న పట్టణం కామారెడ్డి. నిజాంసాగర్ ప్రాంతానికి చేరువలోని రెవెన్యూ డివిజన్ కేంద్రం ఎల్లారెడ్డి. బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్ దేశాలకు వలసపోయిన పురుషులు ఈ ప్రాంత జీవనానికి గుర్తులు. 2011 జనగణనలో ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1040 మంది స్త్రీలున్నారు. ఈ అంకెను మాత్రమే చూస్తే ఇక్కడ ఆడపిల్లకు లోటు లేదనిపిస్తుంది. అయితే పురుషుల వలస కూడా ఈ నిష్పత్తిని పెంచుతుంది. పుట్టుకలో వివక్షను అంచనా వేయడానికి ఆరేళ్లలోపు పిల్లల నిష్పత్తి కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2001లో 961 ఉండగా 2011 నాటికి 939కి పడిపోయింది. లింగనిర్ధారణను వ్యతిరేకించే ప్రచారానికి ఈ పతనమే ప్రధానాధారం. అది మతవిశ్వాసంపై కాక లెక్కపై నిలిచిన వాదం.

2. సంస్కరణోద్యమ వాదం

పందొమ్మిదో శతాబ్దిలో వితంతువుల రహస్య గర్భాలు, శిశుహత్యలు సంస్కర్తలను కలచివేశాయి. 1863లో ఫూలే దంపతులు పుణేలో బాలహత్యా ప్రతిబంధక గృహాన్ని నెలకొల్పారు. వితంతు పునర్వివాహానికి ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు చూపిన కారణాల్లో భ్రూణహత్యా నివారణ ఒకటి. ఆ మార్గంలోనే కందుకూరి వీరేశలింగం 1879లో ఉపన్యాసాలు ప్రారంభించి, 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. వీరు శాస్త్రప్రమాణాలను ఆశ్రయించిన మాట నిజమే. అయినా వాదసారం సామాజికమైనది: స్త్రీని ఆ స్థితికి నెట్టిన ఆచారాన్ని మారిస్తే గర్భవిచ్ఛిత్తి అవసరమే తగ్గుతుంది. ఫూలే దంపతులు తల్లికి శిక్ష కోరలేదు, ఆశ్రయం ఇచ్చారు. తరువాతి వాదాలను తూచడానికి ఇది మంచి కొలమానం.

3. చట్టంలో రెండు స్వరాలు

1860 నాటి భారత శిక్షాస్మృతి గర్భస్రావాన్ని నేరంగా పరిగణించి, తనంతట తాను చేసుకొన్న స్త్రీని కూడా శిక్షార్హురాలిని చేసింది. ఈ నియమం 2023 నాటి భారతీయ న్యాయసంహిత 88వ సెక్షన్‌లోనూ కొనసాగుతోంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం దీనికి మినహాయింపు మాత్రమే. అయితే ఆ మినహాయింపులో వయోజన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త అనుమతి అక్కరలేదు. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది.

1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం స్వరం వేరు. దాని 24వ సెక్షన్ ప్రకారం, వేరే రుజువు లేనంతవరకు, పరీక్ష చేయించుకొన్న గర్భిణిని భర్త లేదా బంధువులే బలవంతపెట్టారని న్యాయస్థానం భావించాలి. ఇక్కడ చట్టం సంస్కర్తల మార్గానికి దగ్గరగా వచ్చింది. నేరమూలాన్ని స్త్రీలో కాక ఆమె చుట్టూ వెతికింది.

4. పరిభాషా సమస్య

ప్రచారంలో స్థిరపడిన 'భ్రూణహత్య' అనే మాట లౌకికమైనది కాదు. అది ధర్మశాస్త్రాలు మహాపాతకంగా చెప్పిన మాట. ధర్మసూత్రాల్లో 'భ్రూణ' శబ్దానికి వేదవిదుడైన బ్రాహ్మణుడనే అర్థం కూడా ఉంది. లెక్కల మీద, సమానత్వం మీద నిలిచిన వాదం పాపవాచకాన్ని అరువు తెచ్చుకోవడంతో చిక్కు ఏర్పడింది. లింగవివక్షతో చేసే గర్భవిచ్ఛిత్తికీ, ఇతర కారణాలతో చట్టబద్ధంగా చేయించుకొనే దానికీ మధ్య గీత చెరిగిపోయింది. ఎల్లారెడ్డి పల్లెలో ఆరోగ్యకారణంతో వైద్యం కోరే స్త్రీపై కూడా ఆ మాట నీడ పడుతుంది.

వాడుక తెలుగులో ఇంతకన్నా సూక్ష్మమైన విభజన ఉంది. 'కడుపు పోయింది', 'కడుపు తీయించుకుంది', 'కడుపు తీయించారు' అనేవి మూడు వేర్వేరు సంఘటనలు. మొదటిది యాదృచ్ఛికం, రెండోది స్వీయనిర్ణయం, మూడోది ఇతరుల నిర్ణయం. 24వ సెక్షన్ అడిగే ప్రశ్న రెండో, మూడో రూపాల మధ్యనే ఉంది. ప్రచారభాష ఈ భేదాన్ని అందుకోలేదు.

స్త్రీవాద కవిత్వం ఈ భేదాన్ని గుర్తించింది. 'నీలిమేఘాలు' (1993) సంకలనంలోని పాటిబండ్ల రజని కవితకు 'అబార్షన్ స్టేట్‌మెంట్' అని పేరు. 'స్టేట్‌మెంట్' అనే మాట పోలీసు, న్యాయస్థాన వ్యవహారాలకు చెందినది. నిందితురాలిగా చూడబడే స్త్రీని ఆ పేరు వాంగ్మూలమిచ్చే స్థానంలో నిలుపుతుంది.

5. తాత్త్వికవాదం – పరిమితి

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో డాన్ మార్క్విస్ (1989) మతప్రసక్తి లేకుండా, పిండానికి మనవంటి భవిష్యత్తు ఉంది కనుక దాన్ని హరించడం తప్పన్నాడు. అంతకుముందే జూడిత్ జార్విస్ థామ్సన్ (1971), పిండానికి జీవించే హక్కు ఉందని ఒప్పుకొన్నా మరొకరి దేహాన్ని వాడుకొనే హక్కు దానివల్ల రాదని వాదించింది. మార్క్విస్ వాదానికి తర్కబలముంది. కానీ అందులో ఆడపిండం, మగపిండం అనే భేదం లేదు. కామారెడ్డిలో ప్రశ్న మొదలయ్యేదే ఆ భేదంతో. అందువల్ల ఆ వాదాన్ని యథాతథంగా ఇక్కడికి తెస్తే, అసలు అన్యాయమైన వివక్ష చర్చ నుంచి జారిపోతుంది.

6. ముగింపు

- లింగనిర్ధారణ వ్యతిరేకవాదం మతాధారం లేకుండానే సమర్థనీయం. దాని బలం సమానత్వంలో ఉంది.
- ఆ వాదం స్త్రీని దోషిగా చూసినప్పుడు బలహీనపడుతుంది, ఆమెపై ఒత్తిడిని ప్రశ్నించినప్పుడు నిలబడుతుంది.
- 2017లో ప్రారంభమైన కేసీఆర్ కిట్ పథకం మగబిడ్డకు రూ. 12,000, ఆడబిడ్డకు రూ. 13,000 నిర్ణయించింది. ఆ అదనపు వెయ్యి వివక్ష ఉన్నదనే అంగీకారమే కాని, దానికి పూర్తి పరిష్కారం కాదు. కట్నం, ఆస్తి, వృద్ధాప్య భద్రత అనే మూలకారణాలు మిగిలే ఉన్నాయి.
- 'భ్రూణహత్య'కు బదులు 'లింగ ఎంపిక గర్భవిచ్ఛిత్తి' వంటి నిర్దిష్ట పదం వాడితే ఆడపిల్ల పుట్టే హక్కూ, స్త్రీ వైద్యహక్కూ పరస్పర శత్రువులు కాకుండా ఉంటాయి.