వేటగాడు ప్రేమిస్తే సరిపోతుందా?

మా ఊరు మురమళ్ళ. బయటివాళ్ళకి ఈ పేరు చెప్పగానే "రోజూ పెళ్ళి జరిగే గుడి ఉన్న ఊరా?" అంటారు. అవును, అదే. వీరేశ్వరస్వామికీ భద్రకాళికీ ఏడాది పొడుగునా రోజూ కల్యాణం చేస్తారు. పిల్లలకి సంబంధాలు కుదరని తల్లిదండ్రులు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఇక్కడ స్వామి పెళ్ళి జరిపించుకుని వెళ్తారు. పోయిన సంక్రాంతికి మా అన్నయ్యా వదినా కూడా అందుకే కూర్చున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ళమ్మాయి మాత్రం నా పక్కన స్తంభానికి ఆనుకుని ఫోనులో ఏదో నవల చదువుతోంది.

"ఏం చదువుతున్నావే?" అన్నాను.

"మంత్రగత్తెకీ, మంత్రగత్తెల్ని వేటాడేవాడికీ పెళ్ళి, అత్తా" అంది.

నవ్వొచ్చింది. ఎదురుగా జరుగుతున్న పెళ్ళి వైపు చూశాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

మామ్మ చెప్పిన స్థలపురాణం గుర్తొచ్చింది. దక్షుడి యజ్ఞంలో తండ్రి చేసిన అవమానం భరించలేక సతీదేవి ప్రాణం వదిలింది. శివుడి జటలోంచి పుట్టిన వీరభద్రుడు యజ్ఞాన్ని ధ్వంసం చేసి దక్షుడి తల నరికాడు. పని అయిపోయింది గానీ కోపం చల్లారలేదు. లోకాలు వణికిపోతుంటే మునులు అమ్మవారిని వేడుకున్నారు. ఆవిడ కన్యగా ఇక్కడి తటాకంలోంచి పైకి వచ్చింది. చూడగానే ఆయన శాంతించాడు. మునులు గాంధర్వ పద్ధతిలో ఇద్దరికీ పెళ్ళి చేశారు. మునులు ఉన్న చోటు కాబట్టి మునిమండలి, అదే మురమళ్ళ అయిందంటారు.

వీళ్ళిద్దరూ శత్రువులేమీ కారు. కానీ కథ నడక నాకు బాగా తెలిసిందే. ఆగని కోపంతో ఒక మగవాడు. అతని ఎదట నిలబడ్డ ఒక ఆడపిల్ల. ఒక్క చూపు. ఆ తర్వాత పెళ్ళి. మా మేనకోడలు చదువుతున్న నవల కూడా ఈ దారినే నడుస్తుందని దాన్ని చదివాక తెలిసింది. "ముందు చదువత్తా, తర్వాత తిట్టు" అని నాకు సవాలు విసిరింది మరి.

ఆ నవల షెల్బీ మహూరిన్ రాసిన 'సర్పెంట్ అండ్ డవ్' (2019). లూ ఒక మంత్రగత్తె. తన శక్తి దాచుకుని, నగరంలో దొంగతనాలు చేసుకుంటూ బతుకుతుంటుంది. రీడ్ చర్చి తరఫున మంత్రగత్తెల్ని వేటాడే దళంలో పెద్ద. ఒక నాటకశాలలో ఇద్దరూ పట్టుబడిన తీరు చూసి జనం అతను ఆమె మీద అత్యాచారం చేయబోయాడనుకుంటారు. అతని పరువు కాపాడటానికి ఆర్చిబిషప్ ఇద్దరికీ పెళ్ళి చేసేస్తాడు. తను పెళ్ళాడింది ఎవర్నో అతనికి తెలియదు. ఆమెకి మాత్రం అంతా తెలుసు.

ఇలాంటి నవలలు ఇంగ్లీషులో ఇప్పుడు చాలానే ఉన్నాయి. లీ బార్డుగో 'సిక్స్ ఆఫ్ క్రోస్' (2015)లో నీనా, మత్తియాస్. క్రిస్టెన్ చికరెల్లి 'హార్ట్‌లెస్ హంటర్' (2024)లో మంత్రగత్తెల్ని రహస్యంగా తప్పించే అమ్మాయి, ఆమె కోసం వెతుకుతున్న వేటగాడు. చదివేది ఎక్కువగా చదువుకున్న, ఉద్యోగాలు చేస్తున్న యువతులు. వాళ్ళకి బుర్రలేదని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. మా తరం 'సెక్రటరీ'లో జయంతి, రాజశేఖరం ఎప్పుడు కలుస్తారా అని దుప్పట్లో దూరి చదివిన తరమే కదా.

1984లో జానిస్ రాడ్‌వే అమెరికాలో రొమాన్సు నవలలు చదివే గృహిణులతో మాట్లాడి 'రీడింగ్ ది రొమాన్స్' అనే పుస్తకం రాసింది. ఆ ఆడవాళ్ళకి చదువుకునే ఆ కాసేపే తమ సొంత సమయం. రాడ్‌వే ఇంకో మాట కూడా చెప్పింది. మొదట్లో నాయకుడు చూపించిన కాఠిన్యం ప్రేమని దాచుకోవడమేనని నవల చివరికి పాఠకురాలికి నచ్చజెబుతుంది. ముందు జరిగిన హింసకి తర్వాత వచ్చిన ప్రేమ అర్థం మార్చేస్తుంది. ఈ పని మన నవలలూ చేశాయి, మన సినిమాలు మరీ చేశాయి.

అయినా 'సర్పెంట్ అండ్ డవ్'లో నాకు నచ్చింది ఉంది. లూ బూతులు తిడుతుంది, కడుపునిండా తింటుంది, భర్తని ఆట పట్టిస్తుంది. "అది దేనికీ భయపడదత్తా. తనెవరో చెప్పడానికి భయపడేది ఒక్క మొగుడి దగ్గరే" అంది మా మేనకోడలు. విమర్శకురాల్నని చెప్పుకునే నాకు తట్టని మాట అది. పక్కన పడుకున్నవాడికి నిజం తెలిస్తే చంపేస్తాడేమోనన్న భయం ఎందరు భార్యలకి తెలియదు? మంత్రగత్తె అనే వేషంలో ఆ భయాన్ని పట్టుకున్నందుకే ఈ కథలకి ఇంత పట్టు ఉందనుకుంటాను. పైగా ఇక్కడ మంత్రగత్తె తన కథ తనే చెప్పుకుంటుంది. అది చిన్న విషయం కాదు.

మరి నా అభ్యంతరం ఎక్కడ? రెండు చోట్ల.

ఒకటి. వేటగాడిని ప్రేమించదగ్గవాడిగా చేయాలంటే వేటాడబడుతున్నవాళ్ళని కూడా దోషుల్ని చేయాలి. లూ తల్లే మంత్రగత్తెల నాయకురాలు. రాజవంశాన్ని నాశనం చేయడానికి కన్నకూతుర్నే బలివ్వాలని చూస్తుంది. కథలో అందరికంటే క్రూరమైన మనిషి ఆ తల్లే. అటూ హింస, ఇటూ హింస, చెల్లుకు చెల్లు అన్నట్టుంటుంది. చరిత్రలో అలాంటి చెల్లు లేదు. ఐరోపాలో మంత్రగత్తెలన్న ఆరోపణ మీద చంపినవాళ్ళు 40 నుంచి 50 వేల మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళు. వాళ్ళకి సైన్యాలు లేవు, మంత్రాలూ లేవు.

రెండోది ఇంకా ముఖ్యం. నిజం తెలిశాక రీడ్ లూని అసహ్యించుకుని దూరం నెడతాడు. తర్వాత ఆమెని కాపాడటానికి వస్తాడు, తన పెద్ద అయిన ఆర్చిబిషప్‌నే చంపుతాడు. పాఠకురాలికి కళ్ళు చెమరుస్తాయి. కానీ అతను ఇంతకుముందు పట్టించిన ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళు కథలోకి రారు. అతను చూపించిన దయ ఒక్క లూకి ఇచ్చిన మినహాయింపు. "నువ్వు అందరిలాంటి మంత్రగత్తెవి కాదు" అని ప్రేమ చెబితే, మిగిలినవాళ్ళు అలాంటివాళ్ళేనని చెప్పినట్టే.

ఈ తేడా తెలిసిన రచయిత్రి బార్డుగో. 'సిక్స్ ఆఫ్ క్రోస్'కి కొనసాగింపు 'క్రుకెడ్ కింగ్‌డమ్' (2016)లో మత్తియాస్ నీనాని ప్రేమించడంతో ఆగడు. చివర్లో తనలాగే ద్వేషం నూరిపోసి పెంచిన ఒక వేటగాడు, ఇంకా కుర్రవాడు, ఎదురుపడితే వాడికి నచ్చజెప్పబోయి వాడి చేతిలోనే చనిపోతాడు. ప్రేమించిన మనిషిని వదిలిపెట్టడం తేలిక. తనవాళ్ళ ఎదట నిలబడి ఇది తప్పని చెప్పడం కష్టం. వేటగాడు మారాడని నమ్మాలంటే నాకు ఆ రెండోది కనిపించాలి.

మన కథల్లో ఇలాంటి జంట ఉందా అని వెతికాను. మనకి మంత్రశక్తి ఉన్న పాత్రలు ఎక్కువగా మగవాళ్ళే. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ఆమెని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. 1942లో జెమినీ వాళ్ళు తీసిన సినిమాతో ఈ కథ ఇంకా ఇంటింటికీ చేరింది. ఏళ్ళ తరబడి అతని చెరలో ఉన్నా బాలనాగమ్మ అతన్ని ప్రేమించదు. నోము పట్టానని చెప్పి గడువు పెంచుకుంటూ కొడుకు వచ్చేదాకా నిలబడుతుంది. బంధించినవాడి మంచితనం కోసం వెతకని నాయిక! ఆ నిరాకరణకి పాతివ్రత్యం అండ కావలసి వచ్చిందన్నది వేరే సంగతి. "నాకిష్టం లేదు" అన్న ఒక్కమాట సరిపోయేది కాదు కదా.

ఆధునిక నవలకి వస్తే, మా కోనసీమలోనే రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' 1980ల్లో ఇళ్ళన్నిటినీ వణికించింది. అందులో దెబ్బ తినేది చిన్నపిల్ల, భయపెట్టేది మంత్రగాడు. చేతబడి చేసిందన్న నింద మోసే ఆడమనిషి వైపునుంచి కథ చూసే చోటు అక్కడ లేదు. ఆ చోటు మన సాహిత్యంలో మొత్తంగానే తక్కువ.

బయట మాత్రం అలాంటి ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న నెపంతో పళ్ళు పీకిన వార్తలు ఎన్నోసార్లు చదివాం. పళ్ళు లేకపోతే మంత్రం పలకదట! మంత్రగత్తె అన్న ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికి బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో ప్రత్యేక చట్టాలు చేసుకోవలసి వచ్చింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 85 హత్యలకి మంత్రతంత్రాలే కారణంగా నమోదయ్యాయి.

మా వైపు దీన్ని చిల్లంగి అంటారు. ఇక్కడ నేను ఒక సొంత విషయం చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

నా తొమ్మిదో ఏట మా కాలవ గట్టు మీద ఒకామె ఉండేది. పేట మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. పురుళ్ళు పోసేది, పసిపిల్లలకి పసరు వేసేది. ఒక వానాకాలం ఊళ్ళో ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. మందిచ్చిన చెయ్యే మందు పెట్టిందన్నారు. ఒక రాత్రి ఊళ్ళో మగవాళ్ళు వెళ్ళి ఆమెని కొబ్బరిచెట్టుకి కట్టి కొట్టి, జుట్టు కత్తిరించారు. తెల్లారేసరికి ఆమె లేదు. పంటు ఎక్కి గోదావరి దాటి పోయిందన్నారు. ఎదుర్లంక దగ్గర ఇప్పుడున్న వంతెన 2002లో గానీ రాలేదు, అప్పుడు దాటాలంటే పంటే.

వెళ్ళినవాళ్ళలో మా బాబాయి ఉన్నాడు. బాబాయి పిన్నిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడకి కామెర్లొస్తే రెండు నెలలు తనే వండిపెట్టాడు. మగవాళ్ళు వంటింటి గడప తొక్కని రోజులవి. అమలాపురం వెళ్తే పిన్నికి మల్లెపూలు, మాకు జీళ్ళు తేకుండా వచ్చేవాడు కాదు. ఆ రాత్రి నూతి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, నేను మెలకువగా ఉన్నానని చూసి దుప్పటి కప్పాడు. ఆ చేతులే.

పెద్దయ్యాక పిన్నిని ఒకసారి అడిగాను. "నాతో మంచిగానే ఉన్నారు కదమ్మా" అంది. బాబాయిని అడగలేదు. అడిగే ధైర్యం వచ్చేసరికి ఆయన లేడు. అంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. నా మొదటి కథలో భార్యని ప్రేమించే భర్త పాత్రకి బాబాయే నమూనా. ఆ కథని అందరూ మెచ్చుకున్నారు. అందులో కాలవ గట్టు లేదు.

అందుకే "వేటగాడు ఆమెని ప్రేమించాడు" అనగానే నా మనసు కరగదు. ప్రేమించగలడు, నాకు తెలుసు. ఇంట్లో ప్రేమ, గట్టు మీద కర్ర, రెండూ ఒకే చేతికి పట్టుబడతాయి. లూలాంటి అందమైన, మాటకారి మంత్రగత్తె వేటగాడి ఇంటికి భార్యగా రాగలదు. వయసు మళ్ళిన, పేదదైన, పేటలో పుట్టిన ఆమెకి ఏ ప్రేమ మినహాయింపు ఇస్తుంది? చూడగానే కోపం చల్లార్చే రూపం అందరికీ ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

మళ్ళీ మా గుడికొస్తాను. పురాణాల్లో భద్రకాళి దక్షయజ్ఞానికి వీరభద్రుడితో కలిసి వెళ్ళింది. ఒక కూతురికి పుట్టింట్లో జరిగిన అవమానానికి ఆమెకి కూడా కోపం వచ్చింది. మా ఊరి కథలోకి వచ్చేసరికి ఆమె పని ఆయన్ని శాంతింపజేయడం. మరి ఆమె కోపం ఏమైంది? దాన్ని చల్లార్చడానికి ఎవరూ ఏ తటాకంలోంచీ రాలేదు. పైగా ఈ పెళ్ళి రోజూ చేయాలి. మిగతావాళ్ళకి అది భక్తి, కాదనను. నాకు మాత్రం అందులో ఒక నిజం కనిపిస్తుంది: కోపిష్టి మగవాడిని చల్లార్చే పని ఒక్క పెళ్ళితో తీరేది కాదు. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అని కొట్టే మొగుళ్ళకి కట్టబెట్టిన మన అక్కచెల్లెళ్ళకి ఆ సంగతి రోజూ తెలుసు.

ఇదంతా చెబితే మా మేనకోడలు, "అయితే చదవొద్దంటావా?" అంది.

చదవమన్నాను. ఆ రాత్రి నేనూ రెండో భాగం మొదలుపెట్టాను. చదువుతూ, ఆ ఇద్దరూ ముద్దు పెట్టుకుంటున్నప్పుడు అతను అంతకుముందు పట్టించిన ఆడవాళ్ళు ఎక్కడున్నారో ఒకసారి వెతుక్కోమన్నాను. రాసే పని మనది కాబట్టి మనకి ఇంకో బాధ్యత కూడా ఉంది. వాళ్ళ వైపునుంచి రాయాలి.

"కాలవ గట్టు ఆమె పేరేంటత్తా?" అని అడిగింది.

చిల్లంగామె అనేవాళ్ళం. పేరు ఎప్పుడూ అడగలేదు. ఊళ్ళో గుర్తున్నవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. ఈసారి వెళ్ళినప్పుడు అడగాలి.