సాక్షి లేని శబ్దం

పన్నెండేళ్ల కిందట ఒక రచయిత్రి కథల సంపుటిని సమీక్షిస్తూ అందులో ఒక కథను నేను రెండు వాక్యాల్లో కొట్టిపారేశాను. ఆ కథలోని స్త్రీకి ఎడతెగని తలనొప్పి. ఏ పరీక్షలోనూ ఏమీ తేలదు. ఇంట్లోవాళ్లు నమ్మరు. "ఇది కేవలం వ్యక్తిగత వేదన. దీని సామాజిక మూలాన్ని చూపడంలో రచయిత్రి విఫలమయ్యారు" అని తీర్పు చెప్పాను. ఆ తీర్పును ఈ వ్యాసంలో వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను మార్చింది ఏ సిద్ధాంత గ్రంథమూ కాదు, నా కుడిచెవి.

ఆ చెవిలో చాలాకాలంగా సన్నని కీచు ఉండేది. పగలు బడిగోలలో తెలిసేది కాదు. రాత్రి సంగంలో రోడ్డుమీద లారీల మోత సద్దుమణిగాక వినిపించేది. మూడేళ్ల కిందట గులిమి గట్టిపడి చెవి దిబ్బడ వేస్తే ఒక ఆసుపత్రికి వెళ్లాను. సన్నని గొట్టం లోపలికి పెట్టి యంత్రంతో పీల్చి తీశారు. ఆ కొద్ది నిమిషాలూ చెవిలోకి రైలింజను దూరినట్లయింది. గులిమి పోయింది, కీచు కాస్తా హోరైంది. ఆనాటి నుంచి అది ఆగలేదు. తరగతిలో పద్యం చదువుతూ పాదం చివర ఆగితే చాలు, ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది.

మళ్లీ వెళ్లి చెప్పుకున్నాను. వినికిడి పరీక్ష చేశారు. కాగితం మీద గీత చూపించి, "వినికిడి బాగానే ఉంది మాస్టారూ, మనసులో పెట్టుకోకండి" అన్నారు. ఆ మాట వినగానే నా పాత సమీక్ష గుర్తొచ్చింది. గీతలో కనపడనిదాన్ని ఆ డాక్టరు లేదన్నాడు. నా కొలబద్దకు అందనిదాన్ని నేను కథ కాదన్నాను. ఇద్దరం చేసిన పని ఒక్కటే.

మనం భౌతికవాదులం. బయట ధ్వని లేకుండా శబ్దం ఎలా వినిపిస్తుందని అనుమానించడం సహజం. కాని ఈ శబ్దానికీ భౌతికమైన పునాది ఉంది. లోపలిచెవిలో ధ్వనిని నాడీ సంకేతంగా మార్చే రోమకణాలుంటాయి. పెద్ద చప్పుళ్లకో, కొన్ని మందులకో, వయసుకో అవి దెబ్బతింటే మనిషికి తిరిగి పుట్టవు. అక్కడినుంచి రావలసిన సంకేతం తగ్గినకొద్దీ మెదడు తన సున్నితత్వాన్ని పెంచుకుంటుందనీ, ఆ పెంపులోంచే హోరు పుడుతుందనీ శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణల్లో ముఖ్యమైనది. మామూలు వినికిడి పరీక్ష కొలిచేది బయటి ధ్వని ఎంత చిన్నదైనా వినగలమా అన్న సంగతినే. లోపల మోగేదాన్ని అది కొలవదు. దానికి సాక్ష్యం రోగి నోటిమాట ఒక్కటే.

ఇది ఏ కొద్దిమంది భ్రమో కాదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన, ప్రపంచంలో 74 కోట్లమందికి పైగా పెద్దవాళ్లకు ఈ అనుభవం ఉందనీ, 12 కోట్లకు పైగా మందికి అది తీవ్రంగా ఉందనీ 2022లో అంచనా వేసింది. అయినా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెవిలోపాన్ని డెసిబెళ్లలోనే లెక్కిస్తుంది. రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ల నష్టం ఉంటేనే ఆ లెక్కలోకి వస్తారు. హోరుకు అక్కడ గడి లేదు. యంత్రం చూపనిదల్లా అబద్ధమనడం భౌతికవాదం కాదు, యంత్రపూజ.

ఇక మన సాహిత్యం ఈ రోగికి ఇచ్చిన చోటు ఏమిటి? రోగం కొత్తది కాదు. సుశ్రుతం లెక్కించిన 28 చెవిరోగాల్లో కర్ణనాదం ఉంది. కాని వైద్యుడు రోగమన్నదాన్ని యోగి నిచ్చెన చేసుకున్నాడు. హఠయోగ ప్రదీపిక నాదానుసంధానాన్ని చెబుతూ చెవులు మూసుకున్న యోగికి సముద్రఘోష మొదలు తుమ్మెద ఝంకారం దాకా వరసగా వినిపిస్తాయంటుంది. ఆ వరస చదివితే రోగుల మాటలే గుర్తొస్తాయి. ఒకరు చెవులు మూసుకుని దాన్ని వెతుక్కుంటారు. ఇంకొకరు ఎంత మూసుకున్నా దాన్నుంచి తప్పించుకోలేరు. "అది అనాహతనాదం మాస్టారూ, అదృష్టవంతులు!" అని నా సహోపాధ్యాయుడొకరు మనస్ఫూర్తిగా అభినందించారు కూడా. బాధకు పవిత్రత పూసి నోరు మూయించడం భావవాదానికి వెన్నతో పెట్టిన విద్య.

జనసాహిత్యమైనా మేలుగా చూసిందా అంటే, సామెతలో చెవిటివాడు శంఖం ముందు కూర్చున్న వెర్రివాడు. హాస్యనాటికలో ఒకటంటే ఇంకొకటి వినే తాత. వేమన చెవిలోని జోరీగను ఇంటిపోరు సరసన నిలిపి దాని నసను పట్టుకున్నాడు. కాని ఆ జోరీగ బయటినుంచి వచ్చిన పురుగు, తీస్తే పోతుంది.

మన అభ్యుదయ కథ సంగతీ చూద్దాం. క్షయరోగిని మనం కథల నిండా దగ్గించాం, రక్తం కక్కించాం, మందు కొనలేని పేదరికాన్ని చూపించాం. అదంతా అవసరమే. కాని క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్ వంటి సూదిమందులు కొందరికి లోపలిచెవిని దెబ్బతీసి హోరునూ, చెవుడునూ మిగిల్చాయి. మందులకు లొంగని క్షయకు కనామైసిన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. దగ్గు తగ్గి ఇల్లు చేరాక చెవిలో మోత మొదలైన మనిషి నేను చదివిన కథల్లో ఒక్కడూ లేడు. దగ్గు నలుగురికీ వినిపిస్తుంది. మోత వినిపించదు. నలుగురికీ వినిపించేదే వాస్తవమనుకున్నాం.

వినిపించనిదాన్ని వినిపించడం కళకు సాధ్యమేనని చెక్ సంగీతకారుడు స్మెతానా చూపాడు. 1874లో ఆయన వినికిడి పూర్తిగా పోయింది. 1876లో రాసిన 'నా జీవితం నుంచి' అనే చతుర్వాద్య రచన చివరి భాగంలో ఉల్లాసంగా సాగే సంగీతాన్ని ఆపేసి వయొలిన్ మీద ఒక్కటే హెచ్చుస్వరాన్ని సాగదీశాడు. అది ఆయన చెవిలో మోగిన హోరు. సభలో కూర్చున్న ప్రతి శ్రోతనూ తనకు సాక్షిని చేసుకున్నాడు.

ఆయన దగ్గర వయొలిన్ ఉంది. ఏమీ లేనివాళ్ల సంగతేమిటి? నెల్లూరులో వినికిడి పరీక్ష గది బయట బెంచీమీద ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. రైస్‌మిల్లులో ఏళ్ల తరబడి కూలిచేసిన మనిషి. "మిల్లు మానేసి పదేండ్లాయ అయ్యోరా, నా చెవులో మాత్రం అదింకా ఆడతానే ఉండాది. ఏం లేదంటాడు డాక్టరు. లేకపోతే నాకెట్ట ఇనబడతాది?" అంది. శబ్దం వల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు వృత్తిరోగాల్లో చేర్చింది. రోజుకూలికి వచ్చిన ఈమె పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదట. కూలి ఆగిపోయినా మిల్లు ఆమెను వదల్లేదు. శ్రమదోపిడీ మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి వాక్యం తక్కువ.

నేను వైద్యానికి వ్యతిరేకిని కాను. హోరును పూర్తిగా తీసేసే మందు లేకపోయినా, వినికిడి యంత్రాలూ, మనసుకు ఇచ్చే శిక్షణా బాధను తగ్గిస్తున్నాయి. నా ఫిర్యాదు ఒక్కటే. గొట్టం పెట్టేముందు "మీకు ఇదివరకే హోరుందా?" అని నన్నెవరూ అడగలేదు. ఆ రచయిత్రి కథ చదువుతూ నేనూ ఏమీ అడగలేదు.

తలనొప్పికి సామాజిక మూలం ఎక్కడని వెతికాను. నలుగురున్న ఇంట్లో ఆ స్త్రీ మాటను ఒక్కరూ నమ్మకపోవడమే ఆ కథలోని సామాజిక వాస్తవం. ఎవరి నొప్పికి రుజువు అడుగుతాం, ఎవరి నొప్పిని మాటమీద నమ్ముతాం? పెద్దరైతు నడుం పట్టేసిందంటే ఊరంతా పరామర్శకు వెళుతుంది. కూలిమనిషి అదే మాటంటే పనిదొంగ అంటారు. నమ్మకం కూడా ఆస్తిలాగే అసమానంగా పంపకమైంది. ఆ పంపకాన్ని ఆ రచయిత్రి చూపించారు, నేను చూడలేకపోయాను.

బాధను ఏకరువు పెట్టిన ప్రతి రచనా మంచి కథ అవుతుందని నేననడం లేదు. నమ్మనివాళ్ల ముఖాలు కూడా అందులో కనిపించాలి. ఆ సంపుటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మొన్న రాత్రి ఆ కథను హోరులోనే మళ్లీ చదివాను. ఈసారి వినిపించింది.