జారడానికీ పట్టే కావాలి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకు చక్రం జారిందంటే కంగారే. వానకు తడిసిన పట్టాల మీద ఇంజిన్ చక్రాలు జారితే లోకో పైలట్ ఇసుక వదులుతాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊళ్లో తరతరాల పని, చక్రాన్ని దారి తప్పనివ్వకపోవడమే. అలాంటిచోట కూర్చుని చూస్తే, కారును అడ్డంగా జారిస్తూ మలుపు దాటించే డ్రిఫ్టింగ్ తలకిందుల విద్యలా ఉంటుంది.

అది జపాన్‌లో పుట్టింది. 1961లో ప్రపంచ మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రీ గెలిచిన తొలి జపనీయుడు తకహాషి కునిమిత్సు తర్వాత కార్ల రేసుల్లోకి వచ్చాడు. 1970లలో మలుపుల్లో జారుతూ దూసుకుపోయేవాడు. ఆయన్ను చూసి త్సుచియా కెయిచి కొండదారుల్లో సాధన చేశాడు. 1987 నాటి ‘ప్లస్పై’ వీడియోతో అతని టొయోటా ఏఈ86 కారు కుర్రకారుకు పిచ్చెక్కించింది.

అసలు సంగతి సస్పెన్షన్‌లో ఉంది. డ్రిఫ్ట్ అంటే పట్టు వదిలేయడం అనుకుంటారు గానీ, వెనక చక్రాలు జారుతున్నంతసేపూ ముందు చక్రాలు నేలను కరుచుకునే ఉండాలి. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, ఆ వాలునే కారులో క్యాస్టర్ అంటారు. దాన్ని ఆరేడు డిగ్రీల దాకా పెంచితే, కారు జారగానే స్టీరింగ్ తనంతట తానే కారు వెళ్తున్న దిక్కుకు తిరుగుతుంది. డ్రైవర్ చేతులు వదులుగా ఉంచితే చాలు. కానీ ముందు చక్రాలు అలా మలుపుకు ఎదురు దిక్కుకు తిరిగినప్పుడు, బరువు మోసే బయటి చక్రం పైభాగం బయటకు ఒరుగుతుంది. ఈ ఒరుగునే క్యాంబర్ అంటారు. అందుకే ముందుగానే చక్రాల పైభాగాన్ని మూడు నాలుగు డిగ్రీలు లోపలికి వంచి ఉంచుతారు. చక్రం మామూలు కారులోకన్నా ఎక్కువ తిరగాలి కనుక స్టీరింగ్ భాగాలు కూడా మారుస్తారు. పోటీ కార్లలో చక్రం తిరిగే కోణం అరవై డిగ్రీలు దాటుతుంది.

వెనక కథ వేరు. ఇంజిన్ బలం నేలకు చేరాలంటే టైరు పరుచుకుని ఆనాలి, కనుక క్యాంబర్ సున్నాకు దగ్గరగా ఉంచుతారు. ఏఈ86లో వెనక ఇరుసు ఒకే కడ్డీ, అక్కడ క్యాంబర్ మార్చే వీలే లేదు.

ఇక డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం. డబ్బు తక్కువైనవాళ్లు దాన్ని వెల్డింగ్ చేసేస్తారు. రెండు వెనక చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. మన రైలు చక్రాలూ ఇరుసుకు బిగించినవే, ఒక్కటిగానే తిరుగుతాయి. అయితే రైలు చక్రం పట్టాను తాకే భాగం 1:20 వాలుతో ఉండటంతో మలుపులో బయటి చక్రం పెద్ద చుట్టుకొలత మీద నడిచి తేడా సర్దుకుంటుంది. కారుకు ఆ వాలు లేదు, కాబట్టి టైరు అరుగుతుంది.

అందరూ మొదట చేసే తప్పు కారును కిందకు దించి, గట్టి స్ప్రింగులు వేయడం. గతుకు తగిలిన ప్రతిసారీ టైరు గాల్లోకి లేస్తే పట్టెక్కడిది? స్ప్రింగ్ ఎగరకుండా షాక్ అబ్జార్బర్‌లోని ఆయిల్ ఆపాలి. రైళ్లలో, ఐసీఎఫ్ రకం పెట్టెల బోగీలలో డ్యాష్‌పాట్ చేసేది అదే. ఎల్‌హెచ్‌బీ రకం బోగీల్లోనైతే పెట్టె పాములా మెలికలు తిరగకుండా యా డ్యాంపర్లు కూడా పెట్టారు. డ్రిఫ్టర్‌కు కావలసింది ఆ మెలికే, కాకపోతే తన చెప్పుచేతల్లో ఉండాలి.

ఈ సాధనకు చోటు మూసిన ట్రాకే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరులోనూ ట్రాకులున్నాయి. బిలాస్‌పూర్ బుధవారీ బజార్ రోడ్డు మీద మాత్రం ప్రయత్నించకండి.