పాటకూ మాటకూ నడుమ: ఆకాశవాణి సంగీత సాయంత్రం – పల్లె శ్రోత దృష్టి

వ్యాససంగ్రహం: ఆకాశవాణి సాయంకాల ప్రసారాల్లో శాస్త్రీయ సంగీతం, ప్రసంగం పక్కపక్కనే ఉన్నా పరస్పరం పలకరించుకోలేదు. సంగీత సభలు అందుబాటులో లేని పల్లె శ్రోతకు ఆ ఎడమే ప్రధాన అవరోధమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆకాశవాణి, కచేరీ, ప్రసంగం, భక్తిరంజని, బీర్కూర్.

1. ప్రవేశిక

మంజీర తీరాన ఉన్న బీర్కూర్ నేడు కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. ఒకప్పుడు నిజాం ఏలుబడిలోని ఊరు. నిజాం ప్రభుత్వం 1935లో స్వాధీనం చేసుకున్న హైదరాబాదు రేడియోలో అగ్రస్థానం ఉర్దూది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం అఖిల భారత రేడియోలో విలీనమైంది. విజయవాడ కేంద్రం అంతకు ముందే, 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. అందువల్ల ఇటువంటి ఊరి శ్రోతను ఊహించుకొని ఈ ప్రసారాలను పరిశీలించడం సముచితం.

2. సభ నుంచి స్టూడియోకు

కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ కాలంలో, 1952లో జాతీయ సంగీత కార్యక్రమం మొదలైంది. సభలో గాయకుడు శ్రోతల ముఖాలు చూసి ఆలాపనను పెంచుతాడు. స్టూడియోలో గడియారాన్ని చూసి ముగిస్తాడు. అయితే ప్రయాణం, టికెట్టు, సభామర్యాదల సంకోచం లేకుండా కచేరీ ఇంటి అరుగు మీదికి వచ్చింది. ఈ లాభం చిన్నది కాదు. కానీ సినిమా పాటలను తగ్గించినప్పుడు శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళారు. 1957లో వివిధ భారతి అవసరమైంది. అభిరుచి ఆజ్ఞతో ఏర్పడదని దీనివల్ల స్పష్టమవుతుంది.

3. ప్రకటన అనే సన్నని వంతెన

కచేరీలో శ్రోతకు దొరికే వివరణ రాగం, తాళం, వాగ్గేయకారుని పేరు మాత్రమే. ‘తోడి’ అన్న పేరు తెలుస్తుంది. ఆ రాగాన్ని తోడిగా నిలిపే గమకం ఎక్కడుందో తెలియదు. త్యాగరాజ కీర్తన తెలుగే కాబట్టి అవరోధం భాషది కాదు. సంగతులు విస్తరించేకొద్దీ చెదిరే పదాన్ని పట్టుకోవడానికి చెవికి తర్ఫీదు కావాలి. ఆ పని చేయగల ప్రసంగం మరో వేళలో, రాసుకున్న ప్రతిని చదువుతూ, పాట వినిపించకుండానే ముగిసేది. భజనల్లో, యక్షగానాల్లో విన్న రాగచ్ఛాయలు పల్లె శ్రోతకు కొత్తవి కావు. వాటిని ‘జానపదం’ పేరిట వేరుచేయడంతో తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించే దారి మూసుకుపోయింది.

4. భక్తిరంజని చూపిన మార్గం

విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు రూపుదిద్దిన భక్తిరంజని ప్రాతఃకాల ప్రసారమైనా ఇక్కడ ప్రస్తావనార్హం. అందులో సాహిత్యం స్పష్టంగా వినిపించేది. శాస్త్రీయ బాణీ సామాన్యుని నిత్యపారాయణకు దగ్గరైంది. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయనలో స్వరకర్త, వ్యాఖ్యాత ఒక్కరే కావడం యాదృచ్ఛికం కాదు.

5. ముగింపు

రేడియో సంగీతాన్ని పల్లెకు చేర్చింది. వినడం నేర్పే బాధ్యతను మాత్రం సగంలోనే వదిలింది. ఇకపై పరిశోధకులు కచేరీని, ప్రసంగాన్ని విడివిడిగా గాక ఒకే సాయంత్రపు భాగాలుగా పరిశీలించాలి. అప్పుడే ఎవరు పాడారన్న ప్రశ్నతోపాటు ఎవరికి అందిందన్న ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది.