ఎనిమిదో చిప్

పాత యంత్రం మూత విప్పితే నేను మొదట చూసేది చెడిపోయిన భాగాన్ని కాదు, పెట్టకుండా వదిలేసినదాన్ని. ఏదన్నా లేదంటే, ఎవరో కూర్చుని ఖర్చు లెక్క వేసుకున్నారని అర్థం. ఈ పిచ్చి ఉన్నవాళ్లు టీఆర్‌ఎస్-80 సంగతి తెలుసుకు తీరాలి.

అమెరికాలో రేడియో షాక్ దుకాణాలవాళ్లు 1977 ఆగస్టులో తెచ్చిన కంప్యూటరది. మానిటరు, క్యాసెట్ రికార్డరుతో కలిపి 599.95 డాలర్లు. ఆ ధరకి ఇవ్వాలంటే ఎక్కడో కోత పడాలి. పడిన చోట్లలో ఒకటి: తెర మీద చిన్న ఏబీసీడీలు రావు. (మన లిపికి ఈ గొడవే లేదు.)

తెర మీద వరసకి 64 చొప్పున 16 వరసలు, వెరసి 1024 అక్షరాలు. 2102 అనే మెమరీ చిప్‌లో పట్టేవి సరిగ్గా 1024 బిట్లు. అంటే ఒక్కో చిప్ ప్రతి అక్షరం తాలూకు ఒక్కో బిట్‌ని దాచుకుంటుంది. పెద్దక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి 64, వాటికి ఆరు బిట్లు చాలు. బొమ్మల గళ్ల కోసం మరొకటి. ఏడు చిప్‌లతో పనైపోతుంటే ఎనిమిదోది దండగ అనుకున్నారు.

తమాషా ఏమిటంటే, అక్షరాల రూపాలుండే చిప్‌లో చిన్నక్షరాలు కూడా ఉన్నాయి. కీబోర్డూ వాటిని పంపేది, కాకపోతే తిరగేసి: షిఫ్ట్ నొక్కితే చిన్నక్షరం. తెర మాత్రం పెద్దదే చూపేది. షిఫ్ట్ నొక్కి జవాబు కొడితే కళ్లకి సరైన మాటే కనిపిస్తుంది, ప్రోగ్రాం మాత్రం తప్పంటుంది. ఎంతమంది జుట్టు పీక్కున్నారో!

దీనికి ఔత్సాహికులు పట్టిన మందు నాకెంతో ఇష్టం. ఇంకో 2102 కొని, ఉన్న ఏడింటిలో ఒకదాని మీద ఉప్పుమూటలా ఎక్కించి, కాళ్లకి కాళ్లు టంకం పెట్టేశారు. కరెంటు, చిరునామాలు కింది చిప్‌వే పైదానికీ సరిపోతాయి. డేటా లోపలికి వెళ్లే కాలు, బయటికొచ్చే కాలు మాత్రం ముందే పక్కకి వంచి, విడిగా తీగలు లాగాలి. అంతవరకూ లేని బిట్‌ని మరో రెండు బిట్లను చూసి ఒక లాజిక్ గేటు కల్పించి చెప్పేది. ఆ గేటు నుంచి వచ్చే దారిని బ్లేడుతో కోసేయాలి. ఇక్కడ చెయ్యి వణక్కూడదు.

మైఖేల్ ష్రేయర్ రాసిన ఎలక్ట్రిక్ పెన్సిల్ అనే వర్డ్ ప్రాసెసర్‌తో ఉత్తరాలు రాసుకునేవాళ్లకి ఇది వరమే. తోకలున్న అక్షరాలు గీత కిందికి దిగేవి కావు, అదొక్కటే వెలితి. అయితే యంత్రంలోని పాత బేసిక్ ఆ కల్పిత బిట్‌నే నమ్ముకుంది. దాన్ని తీసేస్తే తెర మీద పిచ్చి గీతలు. అందుకే జాగ్రత్తపరులు ఒక చిన్న స్విచ్ కూడా బిగించేవారు: ఒక వైపు కొత్త యంత్రం, ఇంకో వైపు కంపెనీ ఇచ్చిన యంత్రం. వెనక్కి వెళ్లే దారి ఉంచుకోని మార్పుని నేను పనితనం అనను.

మూత విప్పితే వారంటీ పోతుందని కంపెనీ చెప్పేది. ఆ మాట చెప్పిన కంపెనీయే సర్క్యూట్ బొమ్మలన్నీ అచ్చేసి, టెక్నికల్ రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ అని పేరు పెట్టి అమ్మింది. కొన్నవాళ్లు దాన్ని అల్మారాలో పెట్టుకుంటారనుకుందో ఏమో.