మళ్ళీ చూసినప్పుడు ఏం చూస్తాం? 'ఆదిత్య 369' అభిమానులు, 2504 ఘట్టం

9.0 ఉద్దేశం

ఈ పాఠం చదివిన తర్వాత మీరు అభిమాని మెచ్చుకోలుకూ విమర్శకుడి నిర్ణయానికీ గల తేడాను చెప్పగలుగుతారు. ఒక చిత్రంలోని ఘట్టాన్ని మొత్తం కథతో ముడిపెట్టి వివరించగలుగుతారు. మీకు బాగా నచ్చిన చిత్రాన్ని మళ్ళీ చూసి, దాని మీద ఒక పేజీ విమర్శ రాయగలుగుతారు.

9.1 ప్రవేశిక

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన 'ఆదిత్య 369' మొదట 1991 జూలై 18న విడుదలైంది. కాలయంత్రాన్ని కథకు కేంద్రంగా చేసుకున్న ఈ చిత్రాన్ని 2025 ఏప్రిల్ 4న కొత్త సాంకేతిక హంగులతో మళ్ళీ విడుదల చేశారు. ఆ వారంలో నేను విజయవాడలో ఒక ఆట చూశాను. శ్రీకృష్ణదేవరాయల వేషంలో బాలకృష్ణ కనిపించగానే హాలంతా ఈలలు, కాగితం ముక్కలు. కథ 2504వ సంవత్సరంలోకి వెళ్ళగానే ఆ సందడి తగ్గింది. కొందరు ఫోన్లు తీశారు, కొందరు లేచి బయటికి వెళ్ళారు.

ఆట అయ్యాక బెంజ్ సర్కిల్ దగ్గర టీ బడ్డీ ముందు నిలబడ్డాను. పక్కనే నలుగురైదుగురు అభిమానులు విజయనగర ఘట్టాన్ని సన్నివేశం వెంట సన్నివేశంగా చెప్పుకుంటున్నారు. ఇరవైసార్లు చూశానని ఒకరంటే, లెక్క మర్చిపోయానని ఇంకొకరు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేసే కుర్రాడొకడు నన్ను కూడా మాటల్లోకి లాగాడు. "మాస్టారూ, మీకు ఏ ముక్క నచ్చింది?" అన్నాడు. నేనూ రాయల ఘట్టమే అన్నాను. అతను కాసేపు ఆగి, "అందరూ అదే అంటారండీ. నాకు మాత్రం చివర్లో వచ్చేదే గుర్తుంటుంది. రాయలవారి దగ్గర వీధి ఉంది, సభ ఉంది, పాట ఉంది. అక్కడ ఆకాశమే లేదు కదండీ" అన్నాడు.

ఈ పాఠం ఆ ఒక్క మాట చుట్టూ నడుస్తుంది.

9.2 మళ్ళీ చూడడం అంటే

మొదటిసారి చూసేటప్పుడు మన దృష్టి 'తర్వాత ఏమవుతుంది' అనే ప్రశ్న మీదే ఉంటుంది. రెండోసారి ఆ ప్రశ్న ఉండదు. అప్పుడు 'ఎలా జరిగింది', 'ఎందుకు ఇక్కడే జరిగింది' అని అడగడానికి తీరిక దొరుకుతుంది. మన ఆలంకారికులకు ఈ సంగతి తెలుసు. కావ్యాలను పదేపదే అనుశీలించడం వల్ల అద్దంలా తేటపడిన మనసు గలవాడే సహృదయుడని అభినవగుప్తుడు 'లోచనం'లో చెప్పాడు. ఈ కొలతతో చూస్తే ఒక చిత్రాన్ని ఇరవైసార్లు చూసిన అభిమాని సహృదయత్వానికి దగ్గరలోనే ఉన్నాడు.

ఇతర దేశాల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1966 నుంచి 1969 వరకు అమెరికాలో ప్రసారమైన 'స్టార్ ట్రెక్' ధారావాహికను దాని ప్రేక్షకులు పునఃప్రసారాల్లో మళ్ళీమళ్ళీ చూశారు. ఒక్కొక్క ఎపిసోడ్ గురించి సభలు పెట్టి చర్చించుకున్నారు. అలాంటి అభిమానులు ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకునేవారు కారనీ, చూసినదాని నుంచి కొత్త అర్థాలు తయారు చేసుకుంటారనీ హెన్రీ జెంకిన్స్ 1992లో ప్రచురించిన పుస్తకంలో వాదించాడు.

అయితే అభిమానానికి ఒక పరిమితి ఉంది. నచ్చిన చోటికే అది తిరిగి వెళ్తుంది. నచ్చని చోటిని ఎన్నిసార్లయినా దాటేస్తుంది. విమర్శకుడు దాటేసిన చోట కూడా ఆగాలి. ఆ సాయంత్రం ఆ పని చేసింది ఆ కుర్రాడే, నేను కాదు.

9.3 రెండు ఘట్టాలు, ఒక వజ్రం

కథను గుర్తు చేసుకోండి. రాయల కాలం నాటి వజ్రం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంటుంది. రాజావర్మ (అమ్రీష్ పురి) దాని మీద కన్నేస్తాడు. కృష్ణకుమార్, హేమ కాలయంత్రంలో 1526 నాటి విజయనగరానికి చేరతారు. అక్కడి నుంచి 2504కు వెళ్తారు. మూడో ప్రపంచ యుద్ధం తర్వాత అణుధార్మికత వల్ల మనుషులు భూగర్భంలో బతుకుతున్న కాలమది.

1991లో నేను కొత్తగా చేరిన లెక్చరర్‌ని. 2504 ఘట్టం కథకు అతికించిన అలంకారమని, దాన్ని తీసేసినా నష్టం లేదని తరగతిలో చెప్పాను. ఆ మాట తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. కారణం వజ్రంలోనే ఉంది. గతం నుంచి వర్తమానానికి అందిన వస్తువు ఆ వజ్రం. మరి వర్తమానం నుంచి భవిష్యత్తుకు ఏం అందింది? చిత్రంలో కనిపించే జవాబు, విషమెక్కిన నేల. విజయనగర వైభవాన్ని చూసి గర్వపడిన ప్రేక్షకుణ్ణి 'నీ తర్వాతివాళ్ళకు నువ్వేం మిగిల్చావు' అని ఈ ఘట్టం అడుగుతుంది. దాన్ని తీసేస్తే రాయల ఘట్టం గర్వం దగ్గరే ఆగిపోతుంది.

9.4 వెల్స్‌తో పోలిక

ఈ చిత్రానికి ప్రేరణ అయిన హెచ్.జి.వెల్స్ నవల 'ది టైమ్ మెషీన్' 1895లో వచ్చింది. అందులోని యాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ కూడా నేల కింద బతికేవాళ్ళున్నారు. వాళ్ళు శ్రామికుల సంతతి. పైన ఎండలో తిరిగేవాళ్ళు సుఖపడిన వర్గం సంతతి. వెల్స్ భయం వర్గ విభజన గురించి. సింగీతం చిత్రంలో మనుషులంతా కిందికి దిగిపోయారు, ఎందుకంటే బాంబు వర్గం చూడదు. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అయిదేళ్ళు, గల్ఫ్ యుద్ధం ముగిసి కొద్ది నెలలే అయిన కాలంలో ఈ చిత్రం వచ్చిందని గమనించండి.

వెల్స్ కథలో లేని గత యాత్రను తెలుగు చిత్రం చేర్చింది. రాయలు, తెనాలి రామకృష్ణుడు మన ప్రేక్షకుడికి ఇంట్లో మనుషుల్లాంటివాళ్ళు. 'మాయాబజార్' (1957)కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతానికి, వింతను తెలిసిన కథలో ఇమిడిస్తేనే జనం నమ్ముతారన్న సంగతి తెలియకుండా ఉండదు. ఆ చిత్రంలో ప్రియదర్శిని పెట్టె దూరాన ఉన్న ప్రియమైనవాళ్ళను చూపించింది. ఇందులో కాలయంత్రం దూరాన ఉన్న కాలాలను చూపించింది.

లోపాలనూ చెప్పుకోవాలి. 2504 నాటి సెట్లు నేటి కళ్ళకు బొమ్మల్లా కనిపిస్తాయి. అక్కడి మనుషుల్లో ఒక్కరూ రామకృష్ణుడిలా మనసులో నిలవరు. హాల్లో సందడి తగ్గడానికి తప్పంతా ప్రేక్షకులదే కాదు. ఆలోచన బలంగా ఉన్నా పాత్రలు బలంగా లేకపోతే ఘట్టం తేలిపోతుంది.

9.5 సారాంశం

అభిమానం విమర్శకు శత్రువు కాదు, దానికి ముడిసరుకు. పదేపదే చూసే ఓపిక అభిమాని దగ్గర ఉంది. దానికి రెండు అలవాట్లు చేర్చాలి. ఒకటి, దాటేసిన చోట ఆగడం. రెండు, చెప్పిన మాటకు చిత్రంలోనే ఆధారం చూపడం. 'అక్కడ ఆకాశం లేదు' అన్న మాటకు తెర మీదే ఆధారం ఉంది, అందుకే అది విమర్శ. మీలో చాలామంది పగలంతా పనిచేసి రాత్రి ఈ పుస్తకం తెరుస్తారని నాకు తెలుసు. తరగతి గది లేనందువల్ల విమర్శ మనకు రాదని అనుకోకండి. ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదిలో ఉన్న నేను సరిదిద్దుకున్నది ఒక టీ బడ్డీ దగ్గర.

9.6 అభ్యాసం

మీరు చాలాసార్లు చూసిన చిత్రం ఒకటి ఎంచుకోండి. అందులో మీరు ఎప్పుడూ దాటేసే ఘట్టాన్ని రెండుసార్లు చూడండి. ఆ ఘట్టం లేకపోతే కథ ఏం కోల్పోతుందో, మీ మాటకు ఆధారాలు చూపుతూ ఒక పేజీకి మించకుండా రాయండి. ఏమీ కోల్పోదనిపిస్తే అదే రాయండి, కానీ ఎందుకో చెప్పండి.