పూటకూళ్లవాని సంగతి



మన సంఘములలో భూకంప సహాయమును గూర్చి చెప్పబడు కథలన్నియు ఒకే అచ్చున పోసినట్లుండుట మీరు గమనించితిరా? భూమి కంపించును, పట్టణము కూలును, దూరదేశమునుండి విమానము దిగును. అందులోనుండి భక్తిపరుడైన వైద్యుడొకడు దిగి, ప్రార్థించి, కత్తి చేతబట్టును. చావవలసినవాడు లేచి కూర్చుండును. వెంటనే కానుక సంచి త్రిప్పబడును. ఈ కథలు అబద్ధములని నేననను. అవి సగమే చెప్పుచున్నవని నా ఫిర్యాదు. ఆ సగము కథను నేనును చెప్పినవాడనే గనుక ఈ విమర్శ మొదట నామీదనే పడవలెను.

2010 జనవరి 12 సాయంకాలమున హైతీ దేశములో 7.0 తీవ్రతగల భూకంపము వచ్చెను. మృతుల లెక్క నేటికిని తేలలేదు. లక్షయని కొందరందురు, మూడు లక్షలకు పైబడెనని అక్కడి ప్రభుత్వము చెప్పెను. ఆ నెల కడపటి ఆదివారము నేను విమానము కథనే ప్రసంగించి కానుక పట్టితిని. ఆరాధన ముగిసినప్పుడు, ఒకప్పుడు మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన పెద్దమ్మ యొకతె గుడి వాకిట నిలిచి, "అయ్యగారూ, ఆ డాక్టరుగారు దిగేదాకా కట్లు కట్టిందెవరండీ?" అని అడిగెను. నాకు జవాబు తెలియలేదు. సెమినరీలో లూకా పదియవ అధ్యాయమును గ్రీకు భాషలో చదివినవాడను! అయినను ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

అది చిన్న ప్రశ్న కాదు. శిథిలముల క్రింద నలిగినవానిని బయటికి లాగగానే అతడు మాటలాడును, నీళ్లడుగును. మనము దేవుని స్తుతింతుము. కాని నలిగిన కండరములలోని విషము నెత్తురులో కలిసి మూత్రపిండములను చెడగొట్టును. బరువు తీయకమునుపే సెలైన్ ఎక్కింపనిచో రెండు మూడు దినములలో అతడు చనిపోవచ్చును. విమానము రాకమునుపే అనేకుల బ్రదుకు తీర్పు అయిపోవును.

మరి కట్లు కట్టినదెవరు? భూకంప కేంద్రమునకు దగ్గరనున్న లెయోగాన్ పట్టణములో పదింట ఎనిమిది తొమ్మిది కట్టడములు దెబ్బతినెను. అచ్చట ఎపిస్కోపల్ సంఘపు విశ్వవిద్యాలయమునకు చెందిన నర్సుల పాఠశాల యున్నది, 2005లో తెరవబడినది. ఆ కట్టడము నిలిచెను. దాని ప్రధానాధ్యాపకురాలు హిల్డా అల్సిండోర్ గారును, ఇంకను చదువు ముగియని విద్యార్థులును ఆ ఆవరణనే ఆసుపత్రిగా చేసిరి. వైద్యుడు లేడు. గాయములు కడిగిరి, విరిగిన యెముకలకు బద్దలు కట్టిరి, కాన్పులు చేసిరి. బయటివారు దినములు గడచినగాని అచ్చటికి చేరలేదు. ఆ పాఠశాల పేరు నేను ఏ ప్రసంగపీఠమునుండియు వినలేదు.

తబార్‌లోని పిల్లల ఆసుపత్రిలో రిక్ ఫ్రెషెట్ అను గురువు పనిచేయుచుండెను. రోమను సంఘస్థుడని మనలో కొందరు పెదవి విరుతురేమో; విరువనిండు. 1987లో హైతీ చేరి, పిల్లల చావులు చూడలేక, గురువై యుండియు వైద్యము చదివెను. పట్టణ శవాగారములో దిక్కులేక పడియున్న శవములను భూకంపమునకు ముందే ఏండ్ల తరబడి పూడ్చిపెట్టుచుండెను.

ఆ నెలలోనే వేరొక సంగతి జరిగెను. దానిని దాచుట సత్యము కాదు. అమెరికానుండి వెళ్లిన 10 మంది బాప్తిస్టులు 33 మంది పిల్లలను అనాథలని చెప్పి, తగిన పత్రములు లేకయే సరిహద్దు దాటింపబోయి పట్టుబడిరి. ఆ పిల్లలలో అనేకులకు తలిదండ్రులు బ్రదికియుండిరి! కీడు చేయవలెనని వారు వెళ్లలేదనియే నా నమ్మకము. పొరుగువారిని, బంధువులను విచారించుట ఆలస్యమని తలంచిరి. రక్షకుడు పైనుండియే దిగవలెనని నేర్పు మన కథలే అట్టి తొందరను పెంచుచున్నవని నాకు తోచుచున్నది.

మంచి సమరయుని ఉపమానమును మరల చదువుడి. మన ప్రసంగములలో అతడు నూనెయు ద్రాక్షారసమును పోసి, గాయపడినవానిని వాహనముపై నెక్కించుటతో కథ ముగియును. ప్రభువు అక్కడ ఆపలేదు. రాత్రి గడచెను, పూటకూళ్లవాని చేతికి రెండు దేనారములు వచ్చెను, తిరిగి వచ్చి మిగిలిన ఖర్చు తీర్తునను మాట ఇయ్యబడెను. గాయము మానువరకు అన్నము పెట్టినవాడు ఆ పూటకూళ్లవాడే. అతనిమీద ఒక్క చిత్రపటమైనను మన గుడి గోడలకు లేదు.

కాలు తీసివేయబడిన పిల్లవాని సంగతి తలంచుడి. వాడు పెరుగుచుండగా మోడులోని యెముకయు పెరుగును. మరల కోయవలసి రావచ్చును. కొయ్యకాలు పొట్టియగును, మార్చవలెను. ఆ శస్త్రచికిత్స చిత్రము మన పత్రికలలో వచ్చును. ఐదవ ఏట మార్చిన కాలి చిత్రము రాదు. అదే 2010 అక్టోబరులో హైతీలో కలరా పుట్టి, ఏండ్ల తరబడి సుమారు పదివేల మందిని తీసికొనిపోయెను. అప్పుడు మా సంఘములో కానుక పట్టలేదు. నేనడుగలేదు గనుక వారియ్యలేదు.

లెయోగాన్ నర్సుల సంగతి తెలిసినప్పుడు ఆ పెద్దమ్మ యింటికి వెళ్లి చెప్పితిని. ఆమె చాలసేపు ఊకొట్టుచు వినెను. పిమ్మట, "ఆ పిల్లలు చదువు ముగించారాండీ? ఎవరైనా జీతాలిచ్చి పెట్టుకున్నారా?" అని అడిగెను.